మంచువాలు మీద దైవం, పురుషకారం

మనిషి సాధించిన దానిలో అతని ప్రయత్నానికి దక్కవలసిన వాటా ఎంత, అతని చేతిలో లేనిదానికి దక్కవలసిన వాటా ఎంత అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో దైవ పురుషకారాల వివాదంగా చాలాకాలం నుంచి నడుస్తోంది. పురుషకారమంటే మనిషి తెలివితో, శ్రమతో, పట్టుదలతో చేసే ప్రయత్నం. దైవమంటే ఆ ప్రయత్నానికి లొంగకుండా ఫలితాన్ని మార్చగలిగేది, దానిని ఈశ్వరసంకల్పమని కొందరు, పూర్వకర్మ అని కొందరు, కేవలం యాదృచ్ఛికమని ఇంకొందరు అంటారు. మహాభారతం అనుశాసన పర్వంలో ఈ రెండింటిలో ఏది గొప్పదని ధర్మరాజు అడిగినప్పుడు, వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన సమాధానాన్ని భీష్ముడు వినిపిస్తాడు. అందులో పురుషకారం పొలం, దైవం విత్తనం. రెండూ కలిస్తే తప్ప పంట లేదు. యోగవాసిష్ఠం ఇంతటితో ఆగక, దైవమనేది వేరే ఏదీ లేదనీ, మనిషి గతంలో చేసిన ప్రయత్నమే ఇప్పుడు దైవమనే పేరుతో ఎదురుపడుతోందనీ, నేటి ప్రయత్నం గట్టిదైతే దానిని ఓడించవచ్చుననీ వాదిస్తుంది. గ్రంథాలలో ఇంత సూక్ష్మంగా సాగిన చర్చ లోకవ్యవహారంలోకి వచ్చేసరికి మాత్రం చాలా మొరటుగా తయారయింది. గెలిచినవాణ్ణి చూసి కష్టపడ్డాడు కాబట్టి పైకొచ్చాడని, పడిపోయినవాణ్ణి చూసి వాడి తలరాత అంతేనని అనుకోవడం అలవాటయింది. ఈ పంపకం న్యాయమైనదా అన్నదే ఈ వ్యాసంలో విచారించే విషయం.

దీనిని పరీక్షించడానికి ఒక క్రీడను, అందులోనూ తెలుగు నేలకు ఏమాత్రం పరిచయం లేని క్రీడను ఎంచుకోవడం వింతగా తోచవచ్చు గాని, ఆల్పైన్ స్కీయింగ్‌లోని వేగపు పోటీలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన యోగ్యత ఉంది. ఆల్పైన్ స్కీయింగ్ అంటే స్కీలనే పొడవైన పలకలను కాళ్లకు బిగించుకుని, మంచు కప్పిన కొండవాలు మీద పాతిన గేట్ల మధ్య నుంచి కిందికి దూసుకుపోయే పోటీ. అందులో డౌన్‌హిల్, సూపర్-జి అనే రెండింటిని వేగపు పోటీలుగా లెక్కిస్తారు. డౌన్‌హిల్‌లో గేట్లు దూరదూరంగా ఉంటాయి, వేగం గంటకు 130, 140 కిలోమీటర్ల దాకా వెళుతుంది, అందువల్ల అసలు పోటీకి ముందు అదే వాలు మీద సాధన పరుగులు ఏర్పాటు చేస్తారు. సూపర్-జిలో గేట్లు కొంత దగ్గరగా, మలుపులు ఎక్కువగా ఉంటాయి గాని సాధన పరుగు అసలే ఉండదు; పోటీ నాటి ఉదయం క్రీడాకారులు వాలు వెంట మెల్లగా దిగుతూ ప్రతి గేటునూ, ప్రతి గతుకునూ చూసి మనసులో నిలుపుకుని, ఆ తర్వాత ఒకే ఒక్కసారి పూర్తి వేగంతో దిగాలి. కాలాన్ని సెకనులో నూరోవంతు వరకు కొలుస్తారు. పోటీదారులందరూ ఒకేసారి బయలుదేరక ఒకరి తర్వాత ఒకరుగా దిగుతారు కాబట్టి, మొదటివాడికి దొరికిన గట్టి మంచు ఇరవయ్యోవాడికి దొరకకపోవచ్చు, ఒకరి పరుగులో లేని పొగమంచు ఇంకొకరి కళ్లకు అడ్డుపడవచ్చు. అంటే ప్రయత్నం ఎంతటిదో ఇక్కడ కొలతకు అందుతుంది, ప్రయత్నానికి అందనిదేదో అదే వాలు మీద పక్కనే కనిపిస్తుంది.

ఈ పోటీలలో గత యాభై ఏళ్లలో వచ్చిన అగ్రశ్రేణి క్రీడాకారులలో ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ మైయర్ ఒకడు. 1972 డిసెంబర్ 7న సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలోని పోంగావ్ అనే కొండ ప్రాంతంలో, ఆల్టెన్‌మార్క్ట్‌లో పుట్టి, దగ్గరలోని ఫ్లాఖావ్ గ్రామంలో పెరిగాడు. తండ్రి ఆ ఊళ్లో స్కీ పాఠశాల నడిపేవాడు. కాబట్టి నడక వచ్చిన కొద్దికాలానికే మంచు మీద జారడమూ వచ్చింది. పదిహేనేళ్ల వయసులో ష్లాడ్‌మింగ్‌లోని స్కీ శిక్షణ పాఠశాల అతణ్ణి ఇంటికి పంపేసింది. తోటివారితో పోలిస్తే మరీ చిన్నగా, బక్కపల్చగా ఉన్నాడని, మోకాళ్ల నొప్పులు ఉన్నాయని అందుకు కారణం. ఆ తర్వాత కొన్నేళ్లు వేసవిలో తాపీ పని, చలికాలంలో తండ్రి పాఠశాలలో స్కీ నేర్పే పని చేశాడు. సిమెంటు మోసి ఇటుకలు పేర్చిన ఆ వేసవులే అతనికి కండను ఇచ్చాయని అతని కథ చెప్పేవారందరూ అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ వయసులో శరీరం ఎదగడం కూడా ఒక కారణమే, ఎదుగుదల ఎవరి ప్రయత్నమూ కాదు.

జాతీయ జట్టులోకి అతను వచ్చిన తీరు ఇంకా ఆలోచింపజేస్తుంది. 1996 జనవరిలో ప్రపంచ కప్ జెయింట్ స్లాలమ్ పోటీ, అంటే ఎక్కువ మలుపులతో రెండు పరుగులుగా సాగే పోటీ, అతని సొంత ఊరు ఫ్లాఖావ్‌లోనే జరిగింది. ప్రతి పోటీకి ముందు వాలు సరిగా ఉన్నదో లేదో చూడడానికి కొందరిని కిందికి పంపుతారు. వారిని ఫోర్‌రన్నర్లంటారు, వారి కాలానికి అధికారిక గుర్తింపు ఉండదు. అలా దిగిన వారిలో మైయర్ ఒకడు. అతని కాలాన్ని పోటీదారుల కాలాలతో పోల్చి చూస్తే పన్నెండో స్థానానికి సరిపోయింది, శిక్షకుల దృష్టి అతని మీద పడింది. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్లు, ఈ క్రీడలో అది ఆలస్యపు వయసే. ఏడాది తిరిగేసరికి, 1997 ఫిబ్రవరిలో గార్మిష్ సూపర్-జిలో మొదటి ప్రపంచ కప్ విజయం దక్కింది. తక్కిన లెక్కలు వేగంగా చెప్పుకోవచ్చు. 1998, 2000, 2001, 2004 సంవత్సరాలలో మొత్తం మీద ప్రపంచ కప్ కిరీటం, 1999 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డౌన్‌హిల్‌కూ సూపర్-జికీ స్వర్ణాలు, 1999-2000 సీజన్‌లో అంతకుముందు ఎవరూ చేరని 2000 పాయింట్లు, 2009లో విరమించేనాటికి 54 ప్రపంచ కప్ విజయాలు, వాటిలో 24 సూపర్-జిలోనే. సాధన పరుగు లేని పోటీలో, కళ్లతో చూసినదాన్ని ఒకే దెబ్బలో చేసి చూపించవలసిన పోటీలో అతనికి అన్ని విజయాలు దక్కడం గమనించదగిన సంగతి.

తాపీ పనివాడు ప్రపంచ విజేత అయ్యాడన్న ఈ కథను యోగవాసిష్ఠం పక్షాన సాక్ష్యంగా నిలబెట్టడం సులువు. పత్రికలు అతనికి హెర్మినేటర్ అన్న పేరు పెట్టి, దెబ్బ తగిలినా ఆగని యంత్రంగా వర్ణించాయి. అయితే భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం ఈ విషయంలో మరింత నిదానంగా ఆలోచించమంటుంది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు కావాలని అక్కడ ఉంది. ఒకటి అధిష్ఠానం, అంటే పనికి ఆధారమైన శరీరం, రెండు కర్త, మూడు కరణాలు, అంటే ఇంద్రియాది సాధనాలు, నాలుగు రకరకాల చేష్టలు, అంటే శరీరంలో జరిగే వ్యాపారాలు, ఐదు దైవం. శంకరాచార్యులు ఈ ఐదోదానికి ఇంద్రియాలను అనుగ్రహించే సూర్యాది దేవతలని అర్థం చెబితే, రామానుజాచార్యులు అంతర్యామి అయిన పరమాత్మ అని అర్థం చెప్పి ఐదింటిలో దానికే ప్రాధాన్యమిచ్చారు. భాష్యకారులు ఎలా విడిపోయినా మూలంలోని హెచ్చరిక ఒకటే. ఇన్ని కారణాలు ఉండగా తానొక్కణ్ణే కర్తనని అనుకునేవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం లేదు.

మైయర్ పరుగును ఈ ఐదింటితో కొలిస్తే చిత్రం చాలా మారుతుంది. శరీరం పదిహేనేళ్లప్పుడు సహకరించలేదు, ఇరవై దాటాక సహకరించింది. సాధనాలను శరీరంలోని ఇంద్రియాలకే పరిమితం చేయక వస్తువుల దాకా పొడిగిస్తే, అతను వాడిన ఆటామిక్ స్కీలను తయారుచేసే సంస్థ అతను పుట్టిన ఆల్టెన్‌మార్క్ట్‌లోనే ఉంది, ఆ రోజు మంచుకు తగ్గట్టు స్కీల అడుగున మైనం పట్టించే నిపుణులు వేరే ఉన్నారు. చేష్టల విషయానికి వస్తే, ఓబర్‌టావర్న్ శిక్షణ కేంద్రంలో హైన్‌రిఖ్ బెర్గ్‌మ్యుల్లర్ అనే శిక్షకుడి పర్యవేక్షణలో, నిలిచి ఉండే సైకిలు మీద గంటల తరబడి తొక్కుతూ, రక్తంలో లాక్టేట్ ఎంత చేరుతున్నదో కొలుచుకుంటూ చేసిన సాధన ఉంది. ఊరిలోనే ప్రపంచ కప్ వాలు ఉండడం, ఇంట్లోనే స్కీ పాఠశాల ఉండడం ఎవరి ఖాతాలో వేయాలో అసలే తేలదు. ఇదంతా చెప్పడం అతని శ్రమను తగ్గించడానికి కాదు, అదే ఊళ్లో అదే వాలు మీద పెరిగిన వందలమందిలో అతనొక్కడే అక్కడిదాకా వెళ్లాడు. కర్త అయిదింటిలో ఒకటి, అయితే ఆ ఒకటి లేకుండా తక్కిన నాలుగూ పనిచేయవు.

ఐదో కారణాన్ని అందరి కళ్లకూ కట్టించిన సంఘటన 1998లో జపాన్‌లోని నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో జరిగింది. హకుబా వద్ద డౌన్‌హిల్ పోటీ ఫిబ్రవరి 8న జరగవలసి ఉండగా వాతావరణం అనుకూలించక వాయిదాలు పడుతూ 13వ తేదీకి చేరింది. పరుగు మొదలైన కొద్ది సెకన్లకే ఒక మలుపులో నేల ఒక్కసారిగా పల్లానికి తిరిగే చోట, ఉండవలసినదానికన్నా ఎక్కువ వేగంతో వచ్చిన మైయర్ స్కీల కింద నుంచి నేల తప్పిపోయింది. గాలిలో పక్కకు తిరిగి, కాళ్లు పైకి తల కిందికి అయి, తల, భుజం ఆనేలా మంచులో పడి, పల్టీలు కొడుతూ వరుసగా పాతిన రెండు కంచెలను చీల్చుకుని, వాటి అవతల మెత్తటి మంచులో ఆగాడు. చూసినవారిలో అతను బతికి ఉన్నాడని అనుకున్నవారు తక్కువ. కొన్ని క్షణాలకు లేచి నిలబడి, చేయి ఊపి, తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు. మోకాలికీ భుజానికీ దెబ్బలు తగిలాయి గాని ఎముకలు విరగలేదు.

సూపర్-జి ఆ మరునాడే జరగవలసి ఉంది. మరునాడు జరిగి ఉంటే అతను దిగగలిగేవాడా అన్నది సందేహమే. అయితే వాతావరణం మళ్లీ అడ్డుపడి పోటీ 16వ తేదీకి వాయిదా పడింది, ఆ రోజు అతను దిగి స్వర్ణం గెలిచాడు. రెండో స్థానంలో స్విట్జర్లాండ్‌కు చెందిన డిడియర్ కూష్, ఆస్ట్రియాకే చెందిన హాన్స్ క్నావుస్ నూరోవంతు కూడా తేడా లేకుండా ఒకే కాలంతో నిలిచారు. 19న జెయింట్ స్లాలమ్‌లో రెండో స్వర్ణం వచ్చింది. ఈ వారం రోజులనే అతని జీవితంలోని మహాపురుషకారంగా లోకం చెప్పుకుంటుంది. తెలుగువారైతే ఆయుష్షు గట్టిది, గండం గడిచింది అంటారు. రెండు మాటలూ కలిపి చెప్పుకోవడమే న్యాయం. దెబ్బల శరీరంతో మూడు రోజుల్లో అదే వేగానికి తిరిగి సిద్ధపడిన మనసు అతనిది. ఆ మూడు రోజులను ఇచ్చిన వాతావరణం అతనిది కాదు, దాన్ని ఏ మనిషీ ఏర్పాటు చేయలేదు. ఇంకో వైపు, అతను పడిన డౌన్‌హిల్‌లో స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ క్రీడాకారుడు జాన్-ల్యూక్ క్రెతియే తన జీవితం మొత్తంలో ఒక్క ప్రపంచ కప్ పోటీ కూడా గెలవలేదు. ఆ ఒక్క ఉదయం ఆ మలుపును సరిగా అంచనా వేసి అదుపులో దిగాడు, అది నిస్సందేహంగా నేర్పే. కాని ఇన్నేళ్ల సాధనకు ఫలం ఆ ఒక్క రోజునే ఎందుకు వచ్చిందో నేర్పు ఒక్కటే చెప్పలేదు.

మైయర్ పుట్టిన పోంగావ్ లోయలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన క్రైస్తవ సంస్కరణోద్యమంలో కేంద్రస్థానం దీనిదే. మోక్షం మనిషి చేసే సత్కార్యాల వల్ల రాదు, విశ్వాసం ద్వారా అందే భగవదనుగ్రహం వల్లనే వస్తుందని లూథర్ బోధించాడు. మనిషి ఇచ్ఛకు స్వాతంత్ర్యం ఉందని 1524లో ఎరాస్మస్ రాస్తే, మోక్షం విషయంలో దానికి ఏ శక్తీ లేదని లూథర్ 1525లో జవాబిచ్చాడు. ఇల్లు, పొలం, డబ్బు వంటి తనకన్నా కిందివాటి విషయంలో మాత్రం మనిషికి కొంత స్వేచ్ఛ ఉందని ఒప్పుకున్నాడు. పోంగావ్ రైతులలో, గని పనివారిలో చాలామంది ఈ బోధను రహస్యంగా నమ్ముతూ వచ్చారు. కాథలిక్ మతగురువే ప్రభువుగా ఉన్న సాల్జ్‌బర్గ్ రాజ్యంలో అది నేరం. 1731లో వారి ప్రతినిధులు ష్వార్ట్‌సాఖ్ గ్రామంలో చేరి ఉప్పులో వేలు ముంచి తమ విశ్వాసాన్ని విడవబోమని ఒట్టు పెట్టుకున్నారు. ఆర్చ్‌బిషప్ ఫిర్మియన్ ఆ ఏడాదే బహిష్కరణ ఆజ్ఞ జారీ చేశాడు, సుమారు ఇరవై వేలమంది ఇళ్లూ పొలాలూ వదిలి, చాలావరకు ప్రష్యా వైపు సాగిపోయారు. ప్రయత్నం గొప్పదా అనుగ్రహం గొప్పదా అన్న ప్రశ్న ఒకప్పుడు ఈ లోయలలో కొంపలు కూల్చింది. అనుగ్రహాన్ని నమ్మి వెళ్లినవారు సోమరులు కారు, వెళ్లిన చోట బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు. ఫలితం తన చేతిలో లేదని నమ్మడం వల్ల మనిషి చేతులు ముడుచుకుంటాడన్న భయానికి వారి చరిత్రే జవాబు.

2001 ఆగస్టు 24న, కీర్తి శిఖరం మీద ఉన్న సమయంలో, మైయర్ మోటార్‌సైకిలు మీద ఇంటికి వెళుతుండగా రాడ్‌స్టాట్ దగ్గర ఒక కారును ఢీకొన్నాడు. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. కాలు తీసేయవలసి వస్తుందేమోనన్న స్థితి నుంచి, సాల్జ్‌బర్గ్ వైద్యులు దాదాపు ఏడు గంటలు శస్త్రచికిత్స చేసి, ఎముకలో టైటానియం కడ్డీ వేసి దానిని నిలబెట్టారు. మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణానికే ముప్పు వచ్చి, తర్వాత కోలుకున్నాడు. 2002 ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయాడు. ఇన్నేళ్లూ ఎక్కువగా అతని వెనకే నిలిచిన తోటి ఆస్ట్రియా క్రీడాకారుడు స్టెఫాన్ ఎబెర్‌హార్టర్ ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం, 2002, 2003 సంవత్సరాలలో ప్రపంచ కప్ కిరీటాలు గెలుచుకున్నాడు. మైయర్ 2003 జనవరిలో అడెల్‌బోడెన్‌లో తిరిగి పోటీకి దిగినప్పుడు రెండో పరుగుకు అర్హత కూడా రాలేదు. రెండు వారాలు తిరగకముందే, జనవరి 27న, ఆస్ట్రియా స్కీయింగ్‌కు పుణ్యక్షేత్రం వంటి కిట్స్‌బ్యూల్‌లో సూపర్-జి గెలిచాడు. 2003-04లో నాలుగో కిరీటం, 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో రజతం, కాంస్యం వచ్చాయి. 2009 అక్టోబర్‌లో ముప్పయ్యారేళ్ల వయసులో పోటీల నుంచి తప్పుకున్నాడు.

దైవాన్ని పౌరుషం ఓడించిందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలని అడిగేవారికి అదే సాల్జ్‌బర్గ్ రాష్ట్రం నుంచి వచ్చిన ఇంకొక క్రీడాకారుడి కథ చెప్పవలసి ఉంటుంది. మట్టియాస్ లాంజింగర్ 2008 మార్చి 2న నార్వేలోని క్విట్‌ఫ్యెల్‌లో సూపర్-జి పోటీలో పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద విరిగి రక్తనాళాలు తెగాయి. పోటీ జరిగే చోట ప్రత్యేక వైద్య హెలికాప్టర్ సిద్ధంగా లేదు. మొదట దగ్గరి ఆసుపత్రికి, అక్కడి నుంచి ఓస్లోకు తరలించారు, రెండు రోజుల తర్వాత కాలు తీసేశారు. సంకల్పబలంలో అతను ఎవరికీ తీసిపోయినవాడు కాడు. కృత్రిమ కాలితో మళ్లీ మంచుమీదికి వచ్చి 2014 సోచి పారాలింపిక్స్‌లో రెండు రజతాలు గెలిచాడు. ఇద్దరిలో ఒకరి కాలు నిలిచింది, ఒకరిది పోయింది. గాయాలు అచ్చంగా ఒకటి కావు, అయినా ఈ తేడాను ఇద్దరి పట్టుదలలోని తేడాగా చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

పాశ్చాత్య నీతిశాస్త్రంలో ఇటువంటి చిక్కును నైతిక అదృష్టం అన్న పేరుతో 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ చర్చకు తెచ్చారు. మనిషిని అతని చేతిలో ఉన్నవాటి గురించి మాత్రమే మెచ్చాలి, నిందించాలి అని అందరమూ ఒప్పుకుంటాం గాని, ఆచరణలో అతని చేతిలో లేని ఫలితాన్ని, పరిస్థితిని, పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని బట్టి కూడా మెచ్చుతూ నిందిస్తూ ఉంటామన్నది నాగెల్ చూపించిన వైరుధ్యం. వేగపు పోటీల చరిత్రలో ఈ వైరుధ్యం మరణాల దాకా వెళుతుంది. 1991 జనవరిలో వెంగెన్‌లో గెర్నోట్ రైన్‌స్టాడ్లర్ అనే ఇరవయ్యేళ్ల ఆస్ట్రియా యువకుడు ముగింపు గీతకు దగ్గరలో రక్షణ వలలో స్కీ చిక్కుకుని మరణించాడు. 1994 జనవరి 29న గార్మిష్ డౌన్‌హిల్‌లో, సూపర్-జిలో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ఉల్‌రికె మైయర్ పడి మెడ విరిగి మరణించింది. ఆమె కూడా సాల్జ్‌బర్గ్ రాష్ట్రానిదే. అప్పటికి ఆమెకు ఇరవైఆరేళ్లు, ఇంట్లో చిన్న కూతురు ఉంది. ఆ గార్మిష్‌లోనే మూడేళ్ల తర్వాత హెర్మన్ మైయర్ తన మొదటి విజయాన్ని అందుకున్నాడు. ఆమె నేర్పులో లోపమున్నదని గాని, కష్టపడడంలో తక్కువ చేసిందని గాని ఎవరు అనగలరు? పడి లేచినవాణ్ణి వీరుడిగా, పడి లేవనివారిని దురదృష్టవంతులుగా రాసుకునే చరిత్ర పక్షపాతంతో రాసిన చరిత్రే.

ఇక్కడ మీమాంసకులు పాటించే ఒక నియమం ఎంతో ఉపకరిస్తుంది. దృష్టమైన కారణం, అంటే కంటికి కనిపించి తర్కానికి అందే కారణం, దొరుకుతున్నచోట అదృష్టమైన కారణాన్ని, అంటే కనిపించనిదాన్ని, కల్పించకూడదని వారు పట్టుబడతారు. యజ్ఞఫలం వంటి అతీంద్రియ విషయాలను అంగీకరించిన దర్శనమే ఈ హద్దు పెట్టుకోవడం విశేషం. ఈ నియమాన్ని మంచువాలుకు అన్వయిస్తే, లోకం దైవమని పిలిచే దానిలో చాలా భాగం ఇతరుల పురుషకారమేనని తేలుతుంది. హకుబాలో మైయర్‌ను ఆపిన కంచెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అవి ఎక్కడ ఉండాలో ఎవరో ఆలోచించారు, ఎవరో మంచులో గుంజలు పాతారు, ఎలాంటి వల ప్రాణం కాపాడుతుందో, ఎలాంటిది ప్రాణం తీస్తుందో అంతకుముందటి ప్రమాదాల నుంచి ఎవరో నేర్చుకున్నారు. అతని వేగాన్ని కొంచెం కొంచెంగా మింగిన ఆ రెండు వరుసల వెనక ముందు చనిపోయినవారి అనుభవం ఉంది. సాల్జ్‌బర్గ్‌లో కాలు నిలిచింది శస్త్రవైద్యుల విద్య వల్ల. క్విట్‌ఫ్యెల్‌లో సమయం చేజారింది సరైన వాహనం సిద్ధంగా ఉంచకపోవడం వల్ల. ఇవన్నీ దృష్టకారణాలు. వీటిని తలరాత అనడం తత్త్వదృష్టిలో తొందరపాటు, నీతిదృష్టిలో అంతకన్నా చెడ్డది, ఎందుకంటే ఆ మాటతో బాధ్యులు బాధ్యత నుంచి, మేలు చేసినవారు కృతజ్ఞత నుంచి ఒకేసారి తప్పిపోతారు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దానిని తేలికగా తీసేయకూడదు. ప్రాణాపాయం ఉందని తెలిసే ఆ వాలు మీదికి వెళుతున్నారు కదా, రైతు కూలీనో గని పనివాణ్ణో తోసినట్టు వీళ్లను ఎవరూ తోయలేదు కదా, మరి వచ్చిన కష్టం ఎంచుకున్నవారిదే ఎందుకు కాకూడదు అని అడగవచ్చు. ధైర్యాన్ని గురించి అరిస్టాటిల్ చెప్పినది ఇక్కడ పనికివస్తుంది. దేనికీ భయపడనివాడు ధైర్యవంతుడు కాడనీ, భయపడవలసిన దానికి భయపడవలసినంత భయపడుతూ, తగిన కారణం కోసం నిలబడేవాడే ధైర్యవంతుడనీ అతని మతం. సూపర్-జి ఉదయాన ఒక్కొక్క గేటు దగ్గర ఆగి, అక్కడ మంచు ఎంత గట్టిగా ఉందో, మలుపు వెనక ఏముందో, ఎక్కడ వల ఉందో, ఎక్కడ లేదో చూసుకునే క్రీడాకారుడు చేస్తున్నది ఆ భయాన్ని కొలవడమే. అతను ఒప్పుకున్నది ఆ కొలతకు లోబడిన ప్రమాదాన్ని. సరైన చోట వల ఉంటుందని, పడితే వైద్యం అందుతుందని నమ్మి దిగినవాడు, అవి లేకపోవడాన్ని కూడా ఎంచుకున్నాడని అనడం న్యాయం కాదు. తాను ఒప్పుకోని ప్రమాదం మీద పడినప్పుడు అది అతని కర్మ అనడం కర్మసిద్ధాంతానికే అపచారం, ఎందుకంటే ఆ సిద్ధాంతం ప్రతి చర్యకూ కర్తను వెతకమంటుంది గాని కర్తలను దాచమని చెప్పదు.

ఇంత తీసేశాక కూడా దైవమనడానికి మిగిలేది కొంత ఉంటుంది, దానిని కాదనే అహంకారం ఎవరికీ తగదు. 1998 ఫిబ్రవరి 14న పోటీ జరగకుండా అడ్డుపడిన వాతావరణానికి కర్త లేడు. పదిహేనేళ్ల కుర్రవాడి ఎముకలు ఎప్పుడు పెరుగుతాయన్నది ఏ శిక్షకుడూ నిర్ణయించలేదు. ఫ్లాఖావ్‌లో పుట్టడం, రాడ్‌స్టాట్ దారిలో ఆ క్షణానే ఆ కారు ఎదురవడం, గాలిలో తలకిందులైన శరీరం ఇంకొక అంగుళం పక్కకు పడకపోవడం వంటివి ఆ ఐదో కారణం కిందికే వస్తాయి. దానిని రామానుజుల అర్థంలో అంతర్యామి అనుకునేవారు మొక్కుకోవచ్చు, యాదృచ్ఛికమనుకునేవారు ఊరకుండవచ్చు. భేదం అక్కడ ఎంత ఉన్నా, ఈ మిగిలినది చాలా చిన్నదని, లోకం దాని ఖాతాలో వేసే వాటిలో ఎక్కువ భాగం దానిది కాదని ఇరువురూ ఒప్పుకోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే, 54 విజయాలలోనూ కిట్స్‌బ్యూల్‌లో 2003 జనవరి 27న వచ్చిన విజయమే అన్నిటికన్నా గొప్పది. దైవాన్ని ఓడించినందువల్ల దానికి ఆ గొప్పతనం రాలేదు. ఒక మనిషి పట్టుదలా, ఏడు గంటలు నిలబడి ఒక కాలిని కాపాడిన వైద్యుల నేర్పూ, తిరిగి నడక నేర్పినవారి ఓర్పూ ఒకే పరుగులో ఫలించడం వల్ల వచ్చింది. ఆ విజయంలో మైయర్‌కు దక్కవలసింది మైయర్‌కు, వారికి దక్కవలసింది వారికి దక్కాలి. అయిదేళ్ల తర్వాత క్విట్‌ఫ్యెల్‌లో జరిగిన ఆలస్యాన్ని మాత్రం దైవం మీద వేయడానికి వీలులేదు. దానికి జవాబుదారులు మనుషులే.